ఆస్తమా: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు, ఈనాటి వైద్యం చెప్పే జవాబులు

ఇచ్ఛాపురం నుంచి వచ్చినా, ఎస్.కోట నుంచి వచ్చినా ఆస్తమా ఉన్నవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు అడిగే సందేహాలు ఇంచుమించు ఒకటే. ఓపీ రద్దీలో అన్నీ విడమరిచి చెప్పడం కుదరదు. చెప్పినా, ఇంటికెళ్లేసరికి పక్కింటివాళ్ల సలహాలు అందులో కలిసిపోతాయి. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను. 2019 నుంచి ఆస్తమా వైద్యం చాలా మారింది. ఆ మార్పు మన ఊళ్లకు ఇంకా పూర్తిగా చేరలేదన్నదే నా బాధ. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. డోసు మార్చే ముందు మాత్రం మీ డాక్టర్‌ని అడగండి.

## ఆస్తమాయేనా అని అనుమానం వచ్చినప్పుడు

రాత్రిళ్లు దగ్గు, ఆయాసం. పగలు బాగానే తిరుగుతాను. ఇది ఆస్తమాయేనా?

కావచ్చు. వస్తూ పోతూ ఉండటమే దీని స్వభావం. తెల్లవారుజామున ఎక్కువ కావడం, రొంప పట్టగానే గుండెల్లో పిల్లికూతలు మొదలవడం, దుమ్ముకో చలిగాలికో దగ్గు తెరలు రావడం చూస్తే అనుమానించాలి. నిర్ధారణకు స్పైరోమెట్రీ చేయించుకోవాలి. గొట్టంలోకి గట్టిగా ఊదిస్తారు, మందు పీల్పించి మళ్లీ ఊదిస్తారు. పెద్దవాళ్లలో మొదటి సెకనులో వదిలే గాలి మందు తర్వాత 12 శాతం, అంతేకాక 200 మిల్లీలీటర్లు మించి పెరిగితే ఆస్తమాకు మంచి ఆధారం దొరికినట్టే. అయితే బాగున్న రోజు చేయిస్తే పరీక్ష నార్మల్‌గా రావచ్చు. అలాంటప్పుడు ఇంట్లో పీక్ ఫ్లో మీటర్‌తో (ఎంత వేగంగా ఊదగలమో చూపే చిన్న గొట్టం) రెండు వారాలు ఉదయం, సాయంత్రం ఊది అంకెలు రాసుకొస్తే చాలా విషయం తేలుతుంది. దగ్గు రెండు వారాలు దాటితే టీబీ కోసం తెమడ పరీక్ష కూడా చేయించాలి.

రక్త పరీక్షలో ఇసినోఫిల్స్ ఎక్కువున్నాయన్నారు. అంటే ఆస్తమా ఉన్నట్టేనా?

అంతమాత్రాన కాదు. ఇసినోఫిల్స్ ఒక రకం తెల్ల రక్తకణాలు. ఎలర్జీతో వచ్చే ఆస్తమాలో పెరుగుతాయి, కడుపులో నులిపురుగులున్నా పెరుగుతాయి. మన జిల్లాల్లో గుర్తుంచుకోవలసింది ఇంకొకటుంది. ఇవి బోదకాలు ఉన్న ప్రాంతాలు. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగుల పిల్లలకు ఊపిరితిత్తులు అతిగా స్పందిస్తే అచ్చం ఆస్తమాలాగే రాత్రి దగ్గు, పిల్లికూతలు వస్తాయి. అప్పుడు ఇసినోఫిల్స్ సంఖ్య సాధారణంగా మైక్రోలీటరు రక్తంలో 3000 దాటి ఉంటుంది. ఆ జబ్బుకు డీఈసీ మాత్రలు కొన్ని వారాలు వాడాలి, ఇన్హేలర్ ఒక్కటే సరిపోదు. కాబట్టి ఇసినోఫిల్స్ మరీ ఎక్కువగా వస్తే ఆ సంగతి డాక్టర్‌ని అడగండి.

మా అమ్మకు అరవై దాటాక ఆయాసం మొదలైంది. ఇదీ ఉబ్బసమేనా?

ఆ వయసులో కొత్తగా మొదలైతే ముందు సీఓపీడీని, అంటే ఎక్కువగా పొగ వల్ల గాలి గొట్టాలు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బును, చూడాలి. మన తీరంలో ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటు ఉండేది. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట తాగడం ఇప్పటికీ కొందరు పెద్దవాళ్లు మానలేదు. దానికి తోడు నలభై యాభై ఏళ్లు కర్రల పొయ్యి దగ్గర వంట. ఆ పొగతో దెబ్బతిన్న గాలి గొట్టాలు ఆస్తమాలోలాగా మందుకు పూర్తిగా తెరుచుకోవు. రెండు జబ్బులూ కలిసి ఉండేవాళ్లూ ఉన్నారు. గుండె జబ్బుతో వచ్చే ఆయాసం కూడా ఇలాగే ఉంటుంది కాబట్టి ఈసీజీ, ఎక్స్‌రే తప్పవు. చుట్ట మానకపోతే ఇన్హేలర్‌లోని స్టెరాయిడ్ సరిగ్గా పనిచేయదు.

## మందు మొదలుపెట్టేటప్పుడు

ఇన్హేలర్ మొదలుపెడితే అలవాటైపోతుందట కదా? ముందు మాత్రలు వాడి చూద్దామనుకుంటున్నాం.

అలవాటు కాదు. జబ్బు ఎన్నాళ్లుంటే మందు అన్నాళ్లు అవసరం, బీపీకి, షుగర్‌కి ఎలాగో ఇదీ అంతే. ఈ భయంతో జనం మాత్రలకు వెళ్లడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే ఎక్కువ నష్టం అక్కడే. ఆయాసం ఎగబడితే ఇచ్చే స్టెరాయిడ్ మాత్ర ప్రెడ్నిసొలోన్ రోజుకు 40 మిల్లీగ్రాములు, అంటే 40,000 మైక్రోగ్రాములు. అది ఒళ్లంతా తిరుగుతుంది. మామూలు ఇన్హేలర్ పఫ్‌లో ఉండే స్టెరాయిడ్ బుడెసొనైడ్ 200 మైక్రోగ్రాములు, అదీ నేరుగా గాలి గొట్టాల్లోకి వెళుతుంది. మాటిమాటికీ స్టెరాయిడ్ మాత్రలు మింగితే షుగర్, బీపీ, ఎముకల బలహీనత, కంటిలో శుక్లాలు వస్తాయి. ఇన్హేలర్ మామూలు డోసులో వచ్చేవి గొంతు బొంగురుపోవడం, నోట్లో తెల్లపూత. పీల్చాక నీళ్లు పుక్కిలించి ఉమ్మేస్తే అవీ చాలావరకు రావు.

ఇన్నాళ్లూ అస్థాలిన్ పంపు ఒక్కటే వాడాను. రెండు పఫ్‌లు కొడితే వెంటనే తగ్గిపోతుంది. ఇప్పుడు అది ఒక్కటీ వాడొద్దంటున్నారు, ఎందుకు?

ఆస్తమా వైద్యంలో వచ్చిన అతి పెద్ద మార్పు ఇదే. ఆస్తమాలో జరిగేవి రెండు. గాలి గొట్టం లోపలి పొర వాచిపోతుంది, చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. అస్థాలిన్‌లో ఉండే సాల్బుటమాల్ కండరాన్ని మాత్రమే వదులు చేస్తుంది. వాపు లోపల అలాగే ఉంటుంది, పెరుగుతూ కూడా ఉంటుంది. వెంటనే హాయిగా ఉండటంతో జబ్బు తగ్గిందని మనిషి ధైర్యపడతాడు. ఆ ధైర్యంతోనే ఓ రాత్రి ఐసీయూకి చేరినవాళ్లున్నారు. ఏడాదికి 200 పఫ్‌ల డబ్బాలు మూడు, అంతకుమించి వాడేవాళ్లకు తీవ్రంగా ఎగబడే ప్రమాదం పెరుగుతుందని, పన్నెండు, ఆపైన వాడేవాళ్లకు ప్రాణాపాయం కూడా పెరుగుతుందని తేలింది.

అందుకే అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు రూపొందించే గినా సంస్థ 2019లో స్పష్టంగా చెప్పింది: పన్నెండేళ్లు దాటినవాళ్లకు సాల్బుటమాల్ ఒక్కటే ఇవ్వకూడదు. దాని బదులు బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్హేలర్. ఫార్మోటెరాల్ నిమిషాల్లో ఊపిరి ఆడిస్తుంది, బుడెసొనైడ్ వాపును తగ్గిస్తుంది. ఊపిరి కోసం కొట్టే ప్రతి పఫ్‌తోనూ అసలు జబ్బుకు మందు లోపలికి వెళుతుంది. తేలికపాటి ఆస్తమాలో సాల్బుటమాల్ ఒక్కటే వాడినవాళ్లతో పోలిస్తే ఈ జంట మందు అవసరమైనప్పుడు వాడినవాళ్లకు తీవ్రంగా ఎగబడటం సుమారు 60 శాతం తగ్గినట్టు 2018లో వెలువడిన పెద్ద పరీక్షలో కనబడింది. మీ చీటీలో ఇప్పటికీ అస్థాలిన్ ఒక్కటే ఉంటే, దీని గురించి ఈసారి వెళ్లినప్పుడు తప్పకుండా అడగండి.

అయితే కొత్త ఇన్హేలర్ రోజూ వాడాలా, ఆయాసం వచ్చినప్పుడేనా?

జబ్బు తీవ్రతను బట్టి. నెలలో ఒకటి రెండుసార్లు మాత్రమే ఇబ్బంది పడేవాళ్లు అవసరమైనప్పుడు ఒక పఫ్ తీసుకుంటే సరిపోవచ్చు. తరచూ వచ్చేవాళ్లు పొద్దున, రాత్రి క్రమంగా వాడుతూ, మధ్యలో ఆయాసం వస్తే అదే ఇన్హేలర్‌తో ఇంకో పఫ్ తీసుకుంటారు. ఒకే ఇన్హేలర్ రెండు పనులూ చేస్తుంది. పెద్దవాళ్ల 200/6 రకంలో (పఫ్‌కి బుడెసొనైడ్ 200, ఫార్మోటెరాల్ 6 మైక్రోగ్రాములు) అన్నీ కలిపి రోజుకు పన్నెండు పఫ్‌లు మించకూడదు. అంతదాకా వెళుతున్నారంటే ఇంట్లో కూర్చోకూడదు, ఆ రోజే డాక్టర్‌ని చూడాలి. ఇంకో జాగ్రత్త: సాల్మెటెరాల్ ఉన్న ఇన్హేలర్‌ని ఇలా మధ్యలో వాడకూడదు. అది నెమ్మదిగా పనిచేసే మందు. డబ్బా మీద ఫార్మోటెరాల్ అని ఉందో లేదో చూసుకోండి.

ఇన్హేలర్ వాడుతున్నా గుణం కనబడటం లేదు. మందు మంచిది కాదా?

ముందు పీల్చే పద్ధతి చూడాలి. నాతో ‘వాడుతున్నానండి’ అన్నవాళ్లను నా ముందే వాడి చూపించమంటే తప్పు అక్కడికక్కడే దొరికిపోతుంది. కొందరు రోటాక్యాప్ క్యాప్సూల్‌ని నీళ్లతో మింగేస్తున్నారు. అది మింగేది కాదు, పరికరంలో పెట్టి పొడిని పీల్చేది. పొడి ఇన్హేలర్‌ని ఒక్క ఊపున, వేగంగా, లోతుగా పీల్చాలి. గ్యాస్ పంపు పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం: బాగా కుదిపి, ఊపిరి పూర్తిగా వదిలి, పెదవులు బిగించి, పీల్చడం మొదలవగానే నొక్కి, మూడు నాలుగు సెకన్లు నెమ్మదిగా లోపలికి తీసుకుని, పది దాకా లెక్కపెట్టేంతసేపు బిగబట్టాలి. నొక్కిన పొగ నోట్లోంచి తెల్లగా బయటికొచ్చిందంటే మందు లోపలికి వెళ్లలేదన్నమాట.

స్పేసర్ కొనమన్నారు. కొనలేనివాళ్లు ఏం చేయాలి?

పిల్లలకు, వృద్ధులకు, నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరనివాళ్లకు స్పేసర్, అంటే పంపుకీ నోటికీ మధ్య మందును కాసేపు పట్టి ఉంచే గొట్టం, ఉండాల్సిందే. కొనలేకపోతే అరలీటరు ప్లాస్టిక్ సీసా పనికొస్తుంది. ఇది ఏదో చిట్కా కాదు. 1999లో కేప్‌టౌన్ వైద్యులు పిల్లల మీద పరీక్షించి, కొన్న స్పేసర్‌తో సమానంగా పనిచేసిందని చూపించారు. సీసా అడుగున ఇన్హేలర్ మూతి బిగుతుగా పట్టేంత రంధ్రం చేయాలి. ఒక తీగను ఆ మూతి ఆకారంలో వంచి కాల్చి గుచ్చితే చక్కగా పడుతుంది. గాలి పోకుండా చుట్టూ టేపు వేయాలి. సర్ఫు నీళ్లతో కడిగి, గుడ్డతో తుడవకుండా ఆరబెట్టాలి. తుడిస్తే విద్యుదావేశం పుట్టి మందు గోడలకు అంటుకుంటుంది. సీసా మూతి నోట్లో పెట్టుకుని, ఒక పఫ్ కొట్టి, ఐదారుసార్లు మామూలుగా ఊపిరి తీసి వదలాలి. రెండో పఫ్ ఆ తర్వాతే. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు ఏజెన్సీ ఊళ్లలో పనిచేసే ఆశా కార్యకర్తలు దీన్ని నేర్చుకుంటే చాలామంది పిల్లలకు మేలు.

మాంటెలుకాస్ట్ మాత్ర రాత్రిపూట వేసుకుంటే చాలదా?

చాలదు. వాపు తగ్గించడంలో పీల్చే స్టెరాయిడ్‌కి అది సాటిరాదు. ముక్కు ఎలర్జీ కూడా ఉన్న కొందరికి ఉపయోగపడుతుంది. కానీ పీడకలలు, చిరాకు, దిగులు, ఆత్మహత్య ఆలోచనల గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో దానిపై అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టింది. మాత్ర మొదలుపెట్టాక పిల్లల ప్రవర్తన మారితే ఆపి, డాక్టర్‌కి చెప్పండి.

మాది ఉద్దానం. ఇన్హేలర్ వల్ల కిడ్నీలు పాడవుతాయా?

కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాలవాళ్లు ఇది అడగకుండా ఉండరు. ఇంటింటా కిడ్నీ బాధలు చూసినవాళ్లకు ఆ భయం సహజం. పీల్చే మందులు కిడ్నీలను దెబ్బతీయవు. భయపడవలసింది నొప్పి మాత్రలకు. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటివి కిడ్నీలకు చేటు. పైగా కొందరు ఆస్తమా రోగులకు అవి, ఆస్పిరిన్ వేసుకున్న గంట రెండు గంటల్లోనే తీవ్రమైన ఆయాసం తెస్తాయి. ముక్కులో కండ పెరిగినవాళ్లకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. జ్వరానికి, నొప్పికి పారాసిటమాల్ అడిగి తీసుకోండి. బీపీకి, గుండెదడకు ఇచ్చే ప్రొప్రనలాల్ మాత్రలు, కంటి నీటికాసులకు వేసే టిమొలాల్ చుక్కలు కూడా ఆస్తమా ఉన్నవాళ్లకు పనికిరావు.

## రోజువారీ జీవితంలో

పలాసలో జీడి పిక్కల పనికి వెళతాను. మానేయాలా?

ముందు ఒక్కటి గమనించండి: సెలవు రోజుల్లో, ఊరెళ్లినప్పుడు ఆయాసం తగ్గుతోందా? తగ్గితే పనిచేసే చోటే కారణం. పిక్కలు కాల్చేటప్పుడు పెంకులోని నూనె పొగై వస్తుంది, అది గొంతునీ ఊపిరితిత్తులనీ మండిస్తుంది. పనే మానమని చెప్పడం తేలికే, ఇల్లు గడవాలిగా. బట్టీ దగ్గరినుంచి గ్రేడింగ్‌కో ప్యాకింగ్‌కో మార్చమని యజమానిని అడగొచ్చు. అవసరమైతే డాక్టర్ చీటీ రాసిస్తారు. నెల్లిమర్ల, విజయనగరం జూట్ మిల్లుల్లో నార దుమ్ము మధ్య పనిచేసినవాళ్లకు, రైస్ మిల్లుల్లో ఊక, తవుడు దుమ్ములో ఉండేవాళ్లకు ఇదే మాట. నూర్పుల కాలంలో కళ్లానికి వెళ్లక తప్పకపోతే బిగుతైన మాస్కు పెట్టుకుని గాలి వచ్చే వైపు నిలబడండి, దుమ్ము మీకు దూరంగా పోతుంది.

పెరుగు, అరటిపండు, చన్నీళ్లు మానేయాలా?

అక్కర్లేదు. ఫలానాది తిన్న ప్రతిసారీ మీకు ఇబ్బంది వస్తుంటే అది మాత్రమే మానండి. పిల్లల నోటి దగ్గర పెరుగు లాగేసి బక్కచిక్కేలా చేయడం అన్యాయం.

మృగశిర కార్తెకు హైదరాబాద్ వెళ్లి చేప ప్రసాదం వేయిస్తే పూర్తిగా పోతుందంటారు. వెళ్లమంటారా?

ఏటా మన స్టేషన్ల నుంచి రైలెక్కేవాళ్లున్నారు. నమ్మకం మీ ఇష్టం. దానితో ఆస్తమా పోతుందని శాస్త్రీయంగా రుజువు కాలేదన్నది మాత్రం చెప్పాలి. వెళ్లినా ఇన్హేలర్ సంచిలోనే ఉండాలి, ఒక్క పూట కూడా ఆపకూడదు. ఆస్తమాను అదుపులో పెట్టగలం, సమూలంగా తీసేసే మందు ఇంతవరకు లేదు.

ఇప్పుడు మూడో నెల. ఇన్హేలర్ ఆపమని మా అత్తగారు అంటున్నారు.

ఆపకండి. తల్లికి ఊపిరి అందకపోతే బిడ్డకూ ఆక్సిజన్ తగ్గుతుంది. అదుపులో లేని ఆస్తమాతో నెలలు నిండకుండా కాన్పు, తక్కువ బరువు బిడ్డ పుట్టే ప్రమాదం పెరుగుతాయి. గర్భిణుల్లో బుడెసొనైడ్ వాడకం మీద చాలా ఏళ్ల సమాచారం ఉంది, అది భరోసా ఇచ్చేదే. మీ అత్తగారినీ ఒకసారి ఆసుపత్రికి తీసుకురండి, డాక్టర్ నోట వింటే ఆవిడ టెన్షన్ తగ్గుతుంది.

మా గుంటడు ఎదగడేమో అని భయం. స్టెరాయిడ్ కదా?

మొదటి ఒకటి రెండేళ్లలో ఎత్తు సుమారు ఒక సెంటీమీటరు తగ్గవచ్చు. ఏటేటా ఆ తేడా పెరుగుతూ పోదు. నిద్రలేని రాత్రులు, మానేసిన బడి రోజులు, మాటిమాటికీ స్టెరాయిడ్ మాత్రలు, ఇవే పిల్లవాడి ఎదుగుదలను ఎక్కువగా దెబ్బతీస్తాయి. స్కూల్ బ్యాగులో ఇన్హేలర్ పెట్టండి, ఎలా వాడాలో టీచర్‌కీ చూపించండి. ఆటలు మాన్పించవద్దు.

పెళ్లి సంబంధాలు చూస్తున్నాం. అమ్మాయి ఇన్హేలర్ వాడుతుందని తెలిస్తే ఎలా?

ఈ ప్రశ్న తల్లులు గొంతు తగ్గించి అడుగుతారు. దాచడం వల్ల జరిగేది చెబుతాను. పెళ్లయ్యాక అత్తవారింట్లో బయటికి తీయలేక డోసులు మానేస్తుంది, పొయ్యి పొగ, కొత్త చోటి దుమ్ము తోడవుతాయి, కొన్ని నెలల్లో అత్యవసర వార్డుకి వస్తుంది. అదుపులో ఉన్న ఆస్తమా చదువుకీ, ఉద్యోగానికీ, పిల్లల్ని కనడానికీ అడ్డు కాదు. ముందే చెప్పండి. విని వెనక్కి తగ్గే ఇంట్లో ఆ పిల్ల ఎలాగూ సుఖపడదు.

మూడు నెలలుగా ఏ ఇబ్బందీ లేదు. ఆపేయవచ్చా?

ఆపడం వద్దు, తగ్గించడం గురించి మాట్లాడవచ్చు. రెండు మూడు నెలలు పూర్తి అదుపులో ఉంటే డాక్టర్ ఒక మెట్టు దించుతారు. ఉత్తరాంధ్ర చలికాలం మొదట్లోనో భోగి మంటల ముందో దించకుండా ఉంటే మంచిది.

డబ్బాలో మందు ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

మిగిలిన పఫ్‌ల లెక్క చూపే కౌంటర్ ఉన్నది కొనండి. నీళ్లలో వేసి తేలుతోందా అని చూడటం నమ్మదగ్గది కాదు. మందు అయిపోయాక కూడా గ్యాస్ కొన్నాళ్లు ‘సుయ్’మంటూ వస్తూనే ఉంటుంది.

## ఆయాసం ఎగబడినప్పుడు

ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి?

ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతే, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుతుంటే, పెదవులు నీలంగా మారితే, మగతగా ఉంటే ఆలస్యం చేయకండి. పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి మనిషి నీరసపడితే అది తగ్గినట్టు కాదు, గాలే ఆడటం లేదని అర్థం. 108కి ఫోన్ చేసి, కూర్చోబెట్టి, పడుకోబెట్టకుండా, స్పేసర్‌తో సాల్బుటమాల్ నాలుగు పఫ్‌లు ఒక్కొక్కటిగా ఇవ్వండి. తగ్గకపోతే కొద్ది నిమిషాల తర్వాత మళ్లీ ఇస్తూ దారి పట్టండి. బుడెసొనైడ్-ఫార్మోటెరాల్ వాడేవాళ్లు అదే ఒక్కో పఫ్ చొప్పున తీసుకోవచ్చు, ఒక విడతలో ఆరు మించకూడదు.

ఊళ్లో ఆర్‌ఎంపీ గారు ఒక ఇంజెక్షన్ చేస్తే తగ్గిపోతుంది. అది సరిపోదా?

అర్ధరాత్రి ఆదుకున్న మనిషిని తప్పుపట్టను. ఆ ఇంజెక్షన్ ఎక్కువగా డెరిఫిలిన్, స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. డెరిఫిలిన్ డోసు కాస్త ఎక్కువైనా గుండెదడ, వాంతులు, ఫిట్స్ వస్తాయి. తీవ్రంగా ఎగబడినప్పుడు పీల్చే మందు, ఆక్సిజన్, స్టెరాయిడ్ ఇచ్చేదే నేటి వైద్యం. ఏడాదికి రెండుసార్లు ఇంజెక్షన్ అవసరమైందంటే మీ రోజువారీ మందు చాలడం లేదు. ఏ తేదీన ఏం చేశారో రాయించుకోండి, అది పెద్ద డాక్టర్‌కి ఎంతో పనికొస్తుంది.

తుఫాను వస్తే కరెంటు ఉండదు. నెబ్యులైజర్ ఎలా?

2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటుతో మందును సన్నని తుంపరగా మార్చి పీల్పించే నెబ్యులైజర్ మీదే ఆధారపడ్డవాళ్లకు అదే పెద్ద గండం. నిజానికి స్పృహలో ఉండి ఊపిరి పీల్చగలిగే మనిషికి స్పేసర్‌తో ఇచ్చే పఫ్‌లు నెబ్యులైజర్‌కి ఏమాత్రం తీసిపోవు. అక్టోబరు రాకముందే అదనంగా ఒక ఇన్హేలర్, స్పేసర్, డాక్టర్ చీటీ ప్లాస్టిక్ కవర్లో కట్టి పెట్టుకోండి. వాన తగ్గాక గోడల మీద బూజు పడుతుంది. అది ఆస్తమా రోగి చేత కడిగించకండి.

## ఎంత వాడినా అదుపులోకి రానప్పుడు

పెద్ద డోసు వాడుతున్నా నెలనెలా ఆయాసమే. ఇక వేరే దారి లేదా?

ఉంది. ముందు పీల్చే పద్ధతి, మానేసిన డోసులు, పొగ, సైనస్, పుల్లతేన్పులు, అధిక బరువు, గురక చూస్తారు. చాలామందికి కారణం వీటిలోనే దొరుకుతుంది. అన్నీ సరిచేసినా తగ్గకపోతేనే తీవ్ర ఆస్తమా అంటారు. అలాంటివాళ్లకు బయోలాజిక్ ఇంజెక్షన్లు వచ్చాయి. ఇవి స్టెరాయిడ్ మాత్రల్లా ఒళ్లంతా పనిచేయకుండా, వాపును రగిలించే ఒక్క దారిని పట్టుకుని ఆపుతాయి. ఎలర్జీ ఆస్తమాకు ఒమాలిజుమాబ్ అమెరికాలో 2003లోనే అనుమతి పొందింది. రక్తంలో ఎలర్జీని సూచించే ఐజీఈ స్థాయిని, బరువును బట్టి రెండు లేక నాలుగు వారాలకోసారి ఇస్తారు. ఇసినోఫిల్స్ ఎక్కువున్నవాళ్లకు మెపోలిజుమాబ్ నెలకోసారి. బెన్రలిజుమాబ్ మొదటి మూడు డోసుల తర్వాత రెండు నెలలకోసారి. సరైన మనిషికి పడితే ఎగబడటం సగానికి తగ్గుతుంది, స్టెరాయిడ్ మాత్రలు వదిలించుకోవచ్చు. ఆరు నెలలకోసారి వేసే డెపెమోకిమాబ్ మీద పరీక్షల ఫలితాలు 2024లో వచ్చాయి. ఇన్హేలర్ మాత్రం వీటితోపాటు కొనసాగుతుంది.

వీటి కోసం ఎక్కడికి, ఏమేం పట్టుకుని వెళ్లాలి?

మొదట శ్రీకాకుళం లేదా విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఊపిరితిత్తుల విభాగానికి వెళ్లండి. అవసరమైతే విశాఖ ఛాతీ ఆసుపత్రికి పంపుతారు. ఇంజెక్షన్లు ఖరీదైనవి, ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే అక్కడి హెల్ప్ డెస్క్‌లో ముందే అడగండి. మామూలు ఇన్హేలర్లు జన్ ఔషధి దుకాణాల్లో తక్కువ ధరకు దొరుకుతాయి. వెళ్లేటప్పుడు వాడుతున్న ఇన్హేలర్‌ని తప్పక పట్టుకెళ్లండి. ఏడాది చీటీలు, స్టెరాయిడ్ మాత్రలు మింగిన తేదీలు, ఆ మాత్రలు మొదలుపెట్టకముందు చేయించిన రక్త పరీక్ష ఏదైనా ఉంటే అది కూడా. స్టెరాయిడ్ పడ్డాక ఇసినోఫిల్స్ సంఖ్య పడిపోతుంది కాబట్టి ఆ పాత కాగితమే మీకు ఏ ఇంజెక్షన్ సరిపడుతుందో తేల్చవచ్చు.